తాలీంఖానాకు తొడల యంత్రం అవసరమా?

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ బడిలో పాఠాలు చెప్పుకునే మాష్టారినే గాని డాక్టరును కాను. అయితే మన కపిలేశ్వరపురం పిల్లల కోసం సంఘంవారు ఒక తాలీంఖానా పెట్టదలచి, కొనవలసిన సామాను జాబితా చూడమని నా చేతికిచ్చారు. అందుకని నాలుగు మాటలు మనవి చేస్తాను. ఉర్దూలో తాలీం అంటే చదువు. కసరత్తు నేర్పే చోటికి కూడా పెద్దలు అదే పేరు పెట్టారు. ఆ పేరు నాకు చాలా యిష్టం.

జాబితాలో రెండు యంత్రాలున్నవి. ఒకటి కూర్చుని తొడలను బయటికి తోసేది, రెండవది లోపలికి నొక్కేది. మండపేట, రావులపాలెం జిమ్ములకు వెళ్ళే కుర్రాళ్ళకు ఇవి తెలిసినవే. కుర్చీలాంటి సీటు, మోకాళ్ళ దగ్గర రెండు మెత్తలు, వెనుక ఇనుప పలకల దొంతర. చూడడానికి మహా దర్జాగా వుంటాయి. ఆ రెండూ కొనవద్దని నా అభిప్రాయం.

ఎందుకంటారా? తుంటి పక్కన వుండే కండకు అసలు ఉద్యోగం ఏమిటో చూడండి. మనం నడిచేటప్పుడు ప్రతి అడుగులోనూ కాసేపు ఒంటికాలి మీదే వుంటాము. ఆ క్షణంలో నడుము రెండో పక్కకు ఒరిగిపోకుండా పట్టుకునేది ఆ కండే. అప్పుడు తుంటి కీలు మీద మన బరువుకు సుమారు రెండున్నర రెట్లు భారం పడుతుంది. అంటే 60 కిలోల మనిషికి 150 కిలోలన్నమాట! 1895లో ట్రెండెలెన్‌బర్గ్ అనే జర్మన్ శస్త్రవైద్యుడు ఈ సంగతి వివరించాడు. ఆ కండ బలం తెలుసుకోవడానికి ఇప్పటికీ డాక్టర్లు రోగిని ఒంటికాలి మీద నిలబెట్టి, నడుము ఎటు వాలుతుందో చూస్తారు. కుర్చీలో కూర్చోబెట్టి చూడరు గదా!

యంత్రంలో కూర్చుంటే శరీరాన్ని మోసేది సీటు. తూకం నిలుపుకునే పని కండకు లేకుండా పోతుంది. పైగా తుంటి మడిచి కూర్చోవడంతో కండ లాగే దిశే మారిపోతుంది, నడకలో చేసే పని అక్కడ చెయ్యదు. పలకల మీద అంకె నెలనెలా పెరుగుతుంది, కుర్రవాడు సంతోషిస్తాడు. వాణ్ణి వరిచేను గట్టు మీద ఎరువు బస్తాతో నడవమనండి, అప్పుడు తెలుస్తుంది.

లోపలికి నొక్కే యంత్రంతో మరొక చిక్కున్నది. కాళ్ళు బాగా వెడల్పుగా చాచిన స్థితిలోనే బరువు మొదలవుతుంది. సాగి వున్న కండ మీద ఒక్కసారిగా భారం పడితే గజ్జల దగ్గర పట్టేస్తుంది. పక్కవాడు పెట్టిన బరువును చూసి పంతానికి పోయే వయసు మన పిల్లలది. నేర్పేవాడు దగ్గర లేకపోతే మరీ ప్రమాదం.

ఇక అక్కచెల్లెళ్ళతో ఒక మాట. తొడలు సన్నబడతాయని ఆడపిల్లల్ని ఈ యంత్రాల మీద గంటలు గంటలు కూర్చోబెడుతున్నారు. ఏ చోట కండ ఆడిస్తే ఆ చోటి కొవ్వే కరుగుతుందనేది వట్టి భ్రమ. 1971లో అమెరికాలో టెన్నిస్ ఆటగాళ్ళ రెండు చేతులూ కొలిచి చూశారు. ఆడే చెయ్యి లావుగా, బలంగా వున్నది. చర్మం కింద కొవ్వు మందం మాత్రం రెండు చేతులకూ దాదాపు ఒకటే! పెళ్ళిచూపుల భయంతో బిడ్డలు డబ్బు తగలేసుకుంటుంటే, పైన జిమ్మువాళ్ళ ఫొటోలు! నాకు ఒళ్ళు మండుతుంది.

యంత్రాలన్నీ పనికిరానివని నేననడం లేదు. 1865లో స్టాక్‌హోమ్‌లో జాండర్ అనే వైద్యుడు యంత్రాలతో వైద్యశాల పెట్టింది చికిత్స కోసమే. నిలబడలేని వారికి, ఆపరేషన్ అయినవారికి ఫిజియోథెరపిస్టు దగ్గరుండి చేయిస్తే తొడల యంత్రమూ మేలే చేస్తుంది. అది ఆసుపత్రి సంగతి. మనకున్నది ఒక్క గది. ఒక్కో యంత్రం మీద ఒక్కరే కూర్చోవాలి, అది ఒక్క పనే చేస్తుంది. పొట్టివాళ్ళకు సీటూ మెత్తలూ సరిగా అమరవు కూడాను.

మరి మన పహిల్వాన్లు ఏం చేశారు? గామా పహిల్వాన్ 1910లో లండన్‌లో జిబిస్కోతో తలపడినప్పుడు కుస్తీ తేలలేదు. 1928లో పటియాలాలో మళ్ళీ పట్టి అతడిని చిటికెలో పడగొట్టాడు. ఆయన కాళ్ళకు ఆ బలం దండీలు, బస్కీలతో వచ్చింది. లోతుగా కూర్చుని లేచే బస్కీలో లోపలి తొడలోని పెద్ద కండ కూడా పనిచేస్తుంది. మన శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. అది కూడా నిలబడి ఎత్తిన బరువే.

ఫుట్‌బాల్ ఆడే తమ్ముళ్ళు గజ్జల నొప్పి మాటేమిటని అడుగుతారు. దానికి కోపెన్‌హాగెన్ కసరత్తు అని ఒకటున్నది. ప్రక్కకు పడుకున్నవాడి పైకాలిని స్నేహితుడు పట్టుకుంటాడు, వాడు లోపలి తొడ బలంతో నడుము పైకి లేపుతాడు. నార్వే ఆటగాళ్ళ చేత ఇది చేయిస్తే గజ్జల బాధ 41 శాతం తగ్గిందని 2019లో ప్రకటించారు. దీనికి కావలసిందల్లా చాప, ఒక స్నేహితుడు. తుంటి పక్క కండకైతే చెక్క మెట్టు ఎక్కి దిగడం, ఒక చేత్తో నీళ్ళ బకెట్ మోస్తూ నడవడం చాలును. బకెట్ కుడిచేతిలో వుంటే పనిచేసేది ఎడమ తుంటి.

మన పెద్దవాళ్ళ సంగతి కూడా ఆలోచించండి. మసీదులో కుర్చీ అడిగేవారు ఏటేటా పెరుగుతున్నారు. నేల మీద నుంచి లేవడానికి కావలసిన బలం కూర్చుని తొడలు నొక్కితే రాదు, లేవడం అభ్యాసం చేస్తేనే వస్తుంది. మొదట్లో గోడో కిటికీ కమ్మీయో పట్టుకుని లేచినా ఫరవాలేదు.

కాబట్టి కోశాధికారిగారికి నా మనవి. ఆ రెండు యంత్రాల పద్దు కొట్టివేయండి. పొడుగు ఇనుప కడ్డీ ఒకటి, దానికి తగిన బిళ్ళలు, మందపాటి చాపలు పది, గట్టి చెక్క మెట్లు నాలుగు వ్రాయండి. మిగిలే సొమ్ముతో ఆడవారికి సాయంత్రం గంటసేపు నేర్పడానికి ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలిని కుదర్చండి. గది ఒకటే గనుక ఆ గంటలో మగపిల్లలెవరూ అటు రాకూడదు. మెట్ల కొలతలు నేను వ్రాసి ఇస్తాను, కర్ర ఇచ్చేవారు ఎవరైనా వుంటే సభ ముగిసేలోగా చెప్పండి.