నర్సు నమోదు: కాగితమా, కంప్యూటరా?



ఉష్ణోగ్రత, నాడి, శ్వాస, రక్తపోటు: ఈ నాలుగింటిని నర్సు వేళ తప్పక నమోదు చేస్తేనే తరువాతి షిఫ్టువారికి రోగి స్థితి తెలుస్తుంది. కాగితపు కేస్ షీటు మంచం చెంతనే ఉంటుంది. కరెంటు పోయినా పని ఆగదు. కాని చేతివ్రాత అర్థం కాకపోతే మందు మోతాదే మారిపోవచ్చు. కంప్యూటరులో అక్షరం స్పష్టం, పాత వివరం వెంటనే దొరుకుతుంది. అయితే రెండింటిలోనూ వ్రాయవలసి వచ్చిన చోట, ఆ రెండవ వ్రాతకు పట్టే సమయం రోగి సేవలోనే తరుగుతుంది.

వర్తూరులోని తెలుగువారికి ఇది దూరపు విషయం కాదు. ఇక్కడ చికిత్స పొందినవారికి పండుగకు అనంతపురమో చిత్తూరో వెళ్ళినప్పుడు జబ్బు తిరగబెడితే, అక్కడి నర్సుకు ఇక్కడి కేస్ షీటు కనబడదు. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఈ లోటును తీర్చ సంకల్పించినది. 14 అంకెల ‘ఆభా’ సంఖ్యకు జతపరచిన వివరాలు రోగి అనుమతితోనే మరొక ఆసుపత్రికి చేరుతాయి. అందుకు ఆ రెండు ఆసుపత్రులూ ఈ వ్యవస్థలో చేరి ఉండాలి.

కనుక డిశ్చార్జి సమ్మరీని, మందుచీటీలను భద్రపరచుకొనుట నేటికీ అవసరమే. తమకు పడని మందు పేరును ప్రతి రోగి నర్సుకు ముందే చెప్పాలి. భాష అడ్డువస్తే పాత చీటీ చూపాలి. చెప్పని సంగతి కాగితంలోనూ కంప్యూటరులోనూ ఉండదు.