కిరాయి ఎవరి చేతికి వస్తుంది?

(కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భూమి హక్కు గురించి, ఆస్తిలో వాటా గురించి మనం చాలా సభల్లో మాట్లాడుకున్నాం. ఈ రోజు నాకిచ్చిన విషయం కొంచెం వేరు. కిరాయికిచ్చే ఇల్లు ఆడవాళ్లు ఎట్లా కొనుక్కోవాలి, డబ్బు ఎక్కడి నుంచి తేవాలి, పాత ఇంటిని ఎట్లా బాగుచేసుకోవాలి అన్నది. ఇది వ్యాపారుల సంగతి కదా, హక్కుల వాళ్లకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. కానీ బీడీలు చుట్టీ చుట్టీ నడుము వంగిపోయిన నడివయసు స్త్రీకి, భర్త వదిలేసిన స్త్రీకి, వితంతువుకు నెలనెలా ఇంత వస్తుందని ధైర్యంగా చెప్పుకోగల రాబడి ఏముంది? చాలామందికి అది ఒక అర్ర కిరాయే.

ఇల్లు ఉండటానికీ దెబ్బలు తినకుండా ఉండటానికీ సంబంధం ఉంది. ప్రదీప్ పండా, బీనా అగర్వాల్ కేరళలోని తిరువనంతపురం జిల్లాలో చేసిన అధ్యయనం 2005లో అచ్చయింది. భూమి గానీ ఇల్లు గానీ లేని స్త్రీలలో 49 శాతం మంది భర్త చేతిలో దెబ్బలు తిన్నారు. ఇల్లు మాత్రమే ఉన్నవాళ్లలో అది 10 శాతం, రెండూ ఉన్నవాళ్లలో 7 శాతం. వెళ్లడానికి ఒక చోటు ఉందన్న సంగతి ఆమెకే కాదు, అతనికీ తెలుస్తుంది.

అయితే ఇల్లు 'ఉండటం' అంటే ఏమిటి? నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. దస్తావేజులో పేరు ఎవరిది? అమ్మాలన్నా తాకట్టు పెట్టాలన్నా సంతకం ఎవరి ఇష్టం మీద పడుతుంది? కిరాయి ఎవరి చేతికి వస్తుంది? మూడింటికీ 'నాదే, నాకే' అని జవాబు చెప్పగలిగితేనే ఆ ఇల్లు ఆమెది.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ వైపు గల్ఫ్ డబ్బుతో లేచిన స్లాబు ఇళ్లు చూడండి. భర్త దుబాయిలో ఉంటే ఇక్కడ మేస్త్రీతో బేరమాడేది, ఇటుక లెక్కపెట్టేది, గోడలకు నీళ్లు కొట్టేది భార్య. జాగ మాత్రం మామ పేరున ఉంటుంది. అతను తిరిగిరాకపోతే ఆమె కట్టించిన ఇంట్లోనే ఆమె పరాయిది అవుతుంది. డబ్బు పంపేటప్పుడే, పునాది తీయకముందే, జాగ ఇద్దరి పేర్ల మీదికి మార్పించుకోవాలి. స్లాబు పడ్డాక ఎవరూ మార్చరు.

పుట్టింటి వాటా సంగతీ అంతే. మన రాష్ట్రంలో 1985లోనే ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చారు. కాని అప్పటికే పెళ్లయిన వాళ్లకు వర్తించలేదు. 2005 కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. సవరణనాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా కూతురికి హక్కు ఉందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా అన్నదమ్ములు హక్కు విడుదల పత్రం తెస్తే చీర తీసుకుని సంతకం పెట్టేస్తున్నాం. పొలం వద్దనుకుంటే, దానికి బదులు పట్నంలోని పాత ఇంట్లో ఒక భాగం రిజిస్టరు చేసి ఇమ్మని అడగవచ్చు. ఈ చట్టం హిందూ స్త్రీలకే. ముస్లిం కూతురికి వాళ్ల చట్టం ప్రకారం కొడుకు వాటాలో సగం వస్తుంది. ఆ సగం కూడా దక్కని ఇళ్లే ఎక్కువ. గిరిజనులకు హిందూ వారసత్వ చట్టం వర్తించదు. కాని అడ్డుకునే ఆచారం ఉందని రుజువు కానప్పుడు గిరిజన స్త్రీకి వాటా నిరాకరించడం సమానత్వానికి విరుద్ధమని 2025లో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన గోండు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన ఆదిలాబాద్ గోండు ఆడపడుచులకు ఇది అవసరమైన సంగతి.

ఇక కొనడం. ముందుగా కిరాయిదారు ఎవరో ఆలోచించండి. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షమందికి పైగా కార్మికులు ఉండేవాళ్లు. ఇప్పుడు అందులో సగం కూడా లేరు. గనులు మూతపడ్డ బెల్లంపల్లిలో ఇల్లు చవకగా దొరుకుతుంది, కిరాయికి వచ్చేవాళ్లు మాత్రం తక్కువ. 2016లో జిల్లాలు విడిపోయాక మంచిర్యాల, నిర్మల్, జగిత్యాల, పెద్దపల్లిలో ఉద్యోగులకు ఇళ్లు కావలసి వచ్చాయి. ఆస్పత్రి, కాలేజీ, బస్టాండు ఎంత దూరమో నడిచి చూడండి.

తర్వాత కాగితాలు. రిజిస్ట్రారు ఆఫీసు నుంచి కనీసం 30 ఏళ్ల ఈసీ తీయించాలి. ఇప్పుడు అమ్మేవాళ్లకు అది ఎవరి నుంచి వచ్చిందో చెప్పే పాత దస్తావేజులన్నీ చూడాలి. తెల్లకాగితం మీది సాదాబైనామా యాజమాన్యం ఇవ్వదు. ఇంటిపన్ను రసీదు కూడా హక్కు పత్రం కాదు. సర్కారు అసైన్ చేసిన జాగ, సింగరేణి జాగ అయితే న్యాయవాదిని అడగకుండా బయానా ఇవ్వవద్దు. ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనేతరులు ఇల్లూ జాగా కొంటే 1/70 చట్టం కింద చెల్లదు. అది ఆదివాసుల రక్షణ కోసం ఉన్న చట్టం. దాన్ని తప్పించుకునే దారులు చెప్పే దళారిని మనమే నిలదీయాలి.

డబ్బు విషయంలో ఒక లెక్క వేద్దాం. ఇల్లు 13 లక్షలనుకోండి. 2021 జూలైలో పెరిగిన రేట్ల ప్రకారం స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, అంటే 97,500 రూపాయలు. బ్యాంకు 10 లక్షలు ఇస్తే, మన చేతి నుంచి దాదాపు 4 లక్షలు పెట్టాలి. 9 శాతం వడ్డీతో 15 ఏళ్లకు నెల వాయిదా సుమారు 10,140 రూపాయలు. రెండు పోర్షన్లకు కలిపి 8,000 కిరాయి వస్తుందనుకుందాం. ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటే వచ్చేది 88,000. కట్టవలసింది 1,21,000 పైన. పన్ను, మరమ్మతులు కలపకముందే ఏటా 33 వేలు తక్కువ పడుతుంది. 'కిరాయే అప్పు తీరుస్తుంది' అని చెప్పేవాళ్ల ముందు ఈ లెక్క పెట్టండి.

అందుకే చేతిలో తక్కువ డబ్బున్న వాళ్లకు నా సలహా: కొత్త ఇల్లు కొనడం కన్నా, మీ పేరున ఉన్న ఇంటికే వేరే తలుపుతో, వేరే బాత్రూముతో ఒక పోర్షన్ కలపండి. జాగ ఖర్చు లేదు, రిజిస్ట్రేషన్ ఖర్చు లేదు. సంఘం ద్వారా బ్యాంకు అప్పు, స్త్రీనిధి, రిజిస్టరైన చిట్టీ వంటివి దీనికి సరిపోవచ్చు. వారంవారం వసూలు చేసే మైక్రోఫైనాన్స్ అప్పుతో గోడ లేపవద్దు. ఆ వసూళ్ల బాధలకే 2010లో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఇంకొక మాట: బ్యాంకు అప్పు కాగితం మీద భార్య సంతకం అడిగినప్పుడు, దస్తావేజులో ఆమె పేరు ఉందా అని ఆమె అడగాలి. అప్పులో భాగం ఉన్నప్పుడు ఆస్తిలోనూ ఉండాలి.

బాగుచేయడంలో వరుస ముఖ్యం. ముందు కప్పు, తర్వాత నీళ్లు, మరుగుదొడ్డి, మోరీ, ఆ తర్వాత కరెంటు, చివర రంగు. చాలామంది రంగుతో మొదలుపెడతారు. పెంకుటింట్లో వాసాలకు చెద పట్టిందేమో పొడిచి చూడండి. స్లాబు పెచ్చులూడి తుప్పుపట్టిన చువ్వ కనిపిస్తే పైపూత సరిపోదు, ఇంజనీరుకు చూపించాలి. మేస్త్రీతో ఒప్పందం కాగితం మీద రాసుకుని, పని జరిగినంతకే డబ్బివ్వండి. కొంత మొత్తం మొదటి వాన పడేదాకా ఆపుకోండి. కిరాయిదారుకు వేరే మీటరు పెట్టించండి. సగం తగాదాలు కరెంటు బిల్లు దగ్గరే వస్తాయి.

ఇల్లు కిరాయికిచ్చేటప్పుడు 11 నెలల ఒప్పందం రాసుకోవడం మామూలు. కాని మన రాష్ట్రంలో చట్టం ప్రకారం గడువు ఎంతైనా కిరాయి ఒప్పందాన్ని రిజిస్టరు చేయాలి. అడ్వాన్సుకూ కిరాయికీ రసీదు ఇవ్వండి. కిరాయి మీ పేరున ఉన్న ఖాతాలోనే పడాలి. సామాను బయట పడేయడం, నీళ్లు బంద్ చేయడం వంటివి చట్టం ఒప్పుకోదు. 'మీరేం కులపోళ్లు?' అని అడిగి దళిత స్త్రీకి, 'మీ ఆయన ఏడి?' అని అడిగి ఒంటరి స్త్రీకి తలుపు మూసేది కూడా ఇంటి యజమానులే. మనం యజమానులమైనప్పుడు ఆ ప్రశ్నలు మన నోట రాకూడదు.

చివరిగా వీలునామా. పిల్లలు లేని హిందూ వితంతువు తాను సంపాదించి కొన్న ఇల్లు, వీలునామా రాయకుండా పోతే, భర్త వారసులకు వెళుతుంది. తల్లి, చెల్లెలు వెనకబడతారు. ఒక కాగితం, ఇద్దరు సాక్షులు ఉంటే ఇది ఆగుతుంది.

మన సంఘాలు రెండు పనులు పెట్టుకోవాలి. నెలకొక రోజు, ఒక న్యాయవాదిని కూర్చోబెట్టి, ఆడవాళ్లు తెచ్చిన దస్తావేజులు చదివిపెట్టాలి. పొదుపు సమావేశాల్లో అప్పు ఎంత అని అడిగినట్టే, ఇల్లు ఎవరి పేరున ఉంది, కిరాయి ఎవరు తీసుకుంటున్నారు అని అడిగి పుస్తకంలో రాయాలి. ఏడాది తర్వాత మళ్లీ అదే ప్రశ్న అడగాలి. జవాబు ఎంతమందిలో మారిందో చూస్తే మన పని ఎంత జరిగిందో తెలుస్తుంది.