ఆవకాయతో పాటు సర్దకూడని సీసా



అమెరికాలో ఉన్న కూతురికి పురుడు పోయడానికి బయలుదేరే అమ్మలు ఆవకాయ సీసాకు నాలుగు పొరలు చుట్టి మరీ పెట్టెలో సర్దుతారు. కందిపొడి, సున్నుండలు దాని పక్కకు చేరతాయి. మిగిలిన సందులో ఆరు నెలల ఇన్సులిన్. మా అమ్మా అలాగే సర్దింది. ప్రయాణం ముందురోజు రాత్రి చూసి బయటికి తీయించాను.

ఇన్సులిన్ ఒక మాంసకృత్తు. 1922 జనవరిలో టొరొంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి మొదటిసారి ఇచ్చారు. అంతకుముందు చిన్నవయసులో షుగరు జబ్బు వస్తే ఎక్కువ కాలం బతికేవారు కారు. ఇంతటి మందుకు ఎండ పడదు, గడ్డకట్టే చలీ పడదు. విమానం అడుగున సామాన్ల అరలో ఒక్కోసారి ఆ చలి ఉంటుంది. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ పైకి మామూలుగానే కనిపించవచ్చు. ఇక దాన్ని నమ్ముకోలేం, విరిగిన పాలు మళ్లీ పాలు కానట్టే. పైగా పెట్టె దారి తప్పితే మందూ దానితోనే పోతుంది. అందుకే ఇన్సులిన్ మొత్తం చేతిసంచిలో, మన కాళ్ల దగ్గరే ఉండాలి. ఐసు సంచీ పెట్టినా మందుకు నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ చుట్టాలి.

తనిఖీ దగ్గర సూదులు చూసి ఏమంటారోనని చాలామందికి గుబులు. డాక్టరు చీటీ, మందుల షాపు బిల్లు, మందు వచ్చిన అట్టపెట్టె దగ్గరుంచుకుని, అడగకముందే మనమే చెప్పాలి. ద్రవాలకు ఉన్న 100 మిల్లీలీటర్ల హద్దు ప్రయాణంలో కావలసిన మందులకు వర్తించదు.

పడమటికి ఎగిరితే రోజు సాగుతుంది, తిరుగు ప్రయాణంలో కుదించుకుపోతుంది. ఏ పూట మోతాదు ఎప్పుడు వేసుకోవాలో ముందే డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. భోజనం ముందు వేసుకునేదైతే, ట్రే మీ ముందుకు వచ్చాకే వేసుకోండి. విమానం కుదుపుల్లో పడితే వడ్డన ఆగిపోతుంది, వేసుకున్న మందు ఆగదు. కొంగున నాలుగు గ్లూకోజు బిళ్లలు కట్టుకుంటే మంచిది.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది వేరే ఉంది. మన దగ్గర సీసాల్లో అమ్మే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్రమూత సిరంజి. అమెరికాలో మామూలుగా దొరికేది 100 యూనిట్లది, దాని సిరంజికి నారింజ మూత. తీసుకెళ్లిన మందు అయిపోయి, అక్కడ కొన్న సీసాలోంచి మన ఎర్రమూత సిరంజితో 20 గీత దాకా లాగారనుకోండి, ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. నడిరాత్రి షుగరు పడిపోయి స్పృహ తప్పవచ్చు. పెన్ను వాడేవారికి ఈ చిక్కు లేదు, అది యూనిట్లను తానే లెక్కపెడుతుంది. సీసా వాడేవారు మాత్రం, ఏ దేశం సీసాకు ఆ దేశం సిరంజే వాడాలి.

అమ్మకు అంకెలు సరిగా ఆనవు. అందుకని ఇక్కడి సీసాలకూ సిరంజిల కట్టకూ తన పాత చీర అంచులోంచి ఎర్రదారం తీసి కట్టుకుంది. ఐదో నెలలో అల్లుడు అక్కడ కొత్త సీసా కొని తెచ్చిస్తే, దానికి దారం లేదని పక్కన పెట్టి, నాకు ఫోను చేసింది.