ఒక్క మందు చాలదు

రక్త క్యాన్సర్ అని మనం మామూలుగా అనేది ఒక్క జబ్బు కాదు. అందులో చాలా వేగంగా ముదిరే రకం అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా. మన ఎముకల మూలుగలో రక్తం తయారవుతుంది. ఈ జబ్బు వస్తే అక్కడ పక్వానికి రాని కణాలు కలుపులా పెరిగి, మంచి కణాలకు చోటు లేకుండా చేస్తాయి. అందుకే నీరసం, విడవని జ్వరం, చిగుళ్ళ నుంచి రక్తం, ఒంటిమీద కమిలిన మచ్చలు.

దీనికి మందులు కలిపి ఎందుకిస్తారు? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్‌ను డాక్టర్ సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడి, 1948లో ఫలితాలు ప్రకటించారు. జబ్బు తగ్గింది, కాని కొన్ని నెలలకే తిరగబెట్టింది. ఒక మందుకు లొంగని కణాలు మిగిలిపోయి మళ్ళీ పెరుగుతాయి. వేర్వేరు దారుల్లో దెబ్బతీసే మందులు కలిస్తే అవి తప్పించుకోవడం కష్టం. క్షయకు కలిపి ఇవ్వడమూ ఇందుకే.

1970ల నుంచి వాడుకలో ఉన్నది ‘ఏడు–మూడు’ పద్ధతి. సైటరాబిన్ ఏడు రోజులు ఎడతెగకుండా నరంలోకి ఎక్కిస్తారు, డానోరూబిసిన్ మూడు రోజులు ఇస్తారు. తట్టుకోగలవారికి నేటికీ ఇదే ఆధారం. తట్టుకోలేని వృద్ధులకు మరో జోడీ వచ్చింది. 2020లో వెలువడిన పరిశోధనలో అజాసైటిడిన్ ఒక్కటే తీసుకున్నవారిలో సగంమంది 9.6 నెలలకు మించి బతకగా, వెనెటోక్లాక్స్ కూడా కలిపి తీసుకున్నవారిలో సగంమంది 14.7 నెలలకు మించి బతికారు.

ఇక ఇంటివారు గుర్తుంచుకోవలసినవి మూడు. మొదటిది, ఈ మందులు మంచి కణాలనూ తగ్గిస్తాయి. చికిత్సలో ఉన్నవారికి జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే అర్ధరాత్రయినా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. తెల్లవారనిద్దాం అనుకోకూడదు. రెండవది, పరీక్షలో జబ్బు కనబడలేదన్నా లోపల కోట్ల కణాలు దాగి ఉండవచ్చు. ‘తగ్గింది కదా’ అని మిగతా విడతలు మానకూడదు. మూడవది, కొన్ని బూజు నివారణ మాత్రలు వాడితే వెనెటోక్లాక్స్ మోతాదు తగ్గించాల్సి ఉంటుంది. నాటు మందుతో సహా ఏది మింగుతున్నా డాక్టరుగారికి చెప్పండి.

మన సరిహద్దు జిల్లాలవారు బెంగళూరు కిద్వాయికో, రాయవేలూరు సి.ఎం.సి.కో, పుదుచ్చేరి జిప్మర్‌కో, ముంబై టాటా ఆస్పత్రికో వెళుతుంటారు. అక్కడి భాష రాదని మొహమాటపడి తల ఊపి వచ్చేయకండి. ఏ మందు ఎన్ని రోజులు, మళ్ళీ ఎప్పుడు రావాలి, జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి అని అడిగి, తెలుగులో రాసుకుని ఇంటికి తెచ్చుకోండి. ఆ కాగితం కూడా చికిత్సలో భాగమే.