ఆధార గ్రంథముల సూచన

పరిశోధకుడు తన వ్యాసమున నొక విషయమును ప్రతిపాదించునపుడు, అది ఎవరి కృషివలన లోకమునకు తెలియవచ్చినదో, ఏ గ్రంథమునందు ఏ పుటలో నున్నదో స్పష్టముగా చెప్పుట విద్యాధర్మము. గ్రంథకర్త పేరును, ప్రచురణ సంవత్సరమును వాక్యమధ్యముననే కుండలీకరణములలో నిలుపు పద్ధతికి, హార్వర్డు విశ్వవిద్యాలయ జంతుశాస్త్రజ్ఞుడగు ఎడ్వర్డు మార్కు 1881లో ప్రకటించిన వ్యాసము తొలి నిదర్శనముగా పరిగణింపబడుచున్నది.

సవరభాషను గూర్చి వ్రాయువాడు ఈ పద్ధతి ననుసరించి ‘గిడుగు, 1931’ అని సూచించినచో, వ్యాసాంతమందలి పట్టికలో గిడుగు వేంకట రామమూర్తిగారి పూర్తి పేరును, సంవత్సరమును, గ్రంథనామమును, ప్రచురణస్థలమగు మద్రాసును, ప్రచురణకర్తలను క్రమముగా చూపవలెను. పట్టిక ఇంటిపేళ్లనుబట్టి అకారాదిక్రమమున సాగును. పాశ్చాత్యుల ఇంటిపేరు చివర నుండును గావున దానిని ముందునకు తెచ్చి కామా నుంచవలెను. మన ఇంటిపేరు మొదటనే యుండును గావున ఆ మార్పుతో పనిలేదు. అయితే ఒకచోట ‘జి. వి. రామమూర్తి’ అనియు, వేరొకచోట ‘గిడుగు రామమూర్తి’ అనియు వ్రాసినచో, ఒక్క పండితుడే పట్టికలో ఇరువురుగా భాసించును.

వ్యాసమున పేర్కొన్న ప్రతి గ్రంథమును పట్టికలో నుండవలెను. పట్టికలోని ప్రతి గ్రంథమును వ్యాసమున కనబడవలెను. ఈ నియమమును శ్రద్ధతో పాటించిన రచయిత, పూర్వుల ఋణమును తీర్చుకొనుటయే గాక, తన మాటను స్వయముగా పరీక్షించి చూచు స్వాతంత్ర్యమును పాఠకునకు ప్రసాదించుచున్నాడు.