నిప్పురవ్వకు పగ్గం వేసే వాయువు

విద్యుత్తును ప్రవహింపజేయడం ఒక విద్య. దానిని హద్దు దాటకుండా నిలపడం అంతకు మించిన విద్య. ఈ రెండవ దానిని గూర్చి మేము నేడు నాలుగు మాటలు మనవి చేయదలచినాము.

ఊరి వెలుపల ఉక్కు స్తంభాల మీదుగా సాగిపోయే పెద్ద తీగెలకు తొడుగు ఉండదు. వాటికి రక్ష చుట్టూ ఉన్న గాలియే. ఖర్చు లేని నిరోధకమది. కాని దాని ఓర్పుకు మితమున్నది. సెంటీమీటరు ఎడంలో సుమారు 30,000 వోల్టుల ఒత్తిడి పడేసరికి గాలి లొంగిపోయి నిప్పురవ్వ దూకుతుంది. కనుకనే లక్షల వోల్టులతో పనిచేసే ఉపకేంద్రాలలో యంత్రభాగాల నడుమ మీటర్ల కొలది ఎడం విడుస్తారు. నగరం నడిబొడ్డున అంత నేల ఎక్కడిది?

ఈ చిక్కును విప్పినది ఒక వాయువు. 1900 ప్రాంతంలో పారిస్ నగరంలో మువాసాన్, లెబో అనే రసాయన శాస్త్రజ్ఞులు గంధకాన్ని ఫ్లోరిన్‌తో కలిపి దానిని తయారు చేసినారు. పేరు సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్. రంగు లేదు, వాసన లేదు. గాలికన్న ఐదు రెట్లు బరువు. నిప్పురవ్వ పుట్టాలంటే వాయువులో ఎలక్ట్రానులు ఒకటి పదియై, పది నూరై వరదవలె పెరగాలి. ఈ వాయువులోని అణువులు వాటిని ముందే పట్టి తమలో కలుపుకొంటాయి. గండి పడకముందే గట్టు పోసినట్లు! అందుచేత దీని నిరోధశక్తి గాలికి సుమారు రెండున్నర రెట్లు. పెద్ద స్విచ్చి తెరచుకొన్నప్పుడు లేచే మంటలో ఈ అణువులు విడిపోయినా, చల్లారగానే చాలావరకు మరల కలుసుకొంటాయి. 1960ల చివరినుండి దీనిని లోహపు పెట్టెలలో బిగించి, మైదానమంత ఉపకేంద్రాన్ని ఒక భవనంలో ఇమిడ్చినారు.

అయితే దేనికీ చెక్కుచెదరని ఈ గుణమే ఆకాశంలో దోషమైనది. బయటికి పోయిన వాయువు వెయ్యి సంవత్సరాల వరకు నశించదు. నూరేండ్ల లెక్కన, ఒక కిలో వాయువు భూమిని వేడెక్కించడంలో సుమారు 24,000 కిలోల బొగ్గుపులుసు వాయువుకు సాటి. 1997 నాటి క్యోటో ఒప్పందం అదుపు చేయవలసిన ఆరింటిలో దీనినీ చేర్చినది. ఐరోపా సమాజం 2024లో చేసిన చట్టం ప్రకారం, 24,000 వోల్టుల వరకు పనిచేసే కొత్త స్విచ్చి సాధనాలలో, కొన్ని మినహాయింపులతో, 2026 నుండి ఇటువంటి ఫ్లోరిన్ వాయువులు చెల్లవు.

మరి బదులేమిటి? శూన్యంలో మంటను ఆర్పే స్విచ్చిలు మధ్యస్థపు వోల్టేజీలలో దశాబ్దాలుగా నమ్మకంగా పనిచేస్తున్నాయి. పై మెట్లలో వాటిని నిలబెట్టడమే పరిశోధకులకు కష్టంగా ఉన్నది. ఫ్లోరోనైట్రైల్ అనే మరొక వాయువున్నది. శక్తిలో గట్టిదే, కాని సున్నాకు ఐదు డిగ్రీలు దిగువకే ద్రవమైపోతుంది. అందుచేత బొగ్గుపులుసు వాయువులో కొద్దిపాటిగా కలిపి వాడుతారు. అదియు ఫ్లోరిన్ కుటుంబానిదే. ఆ కుటుంబపు రసాయనాల తయారీని 2025 చివరికల్లా మానివేస్తామని త్రీఎమ్ సంస్థ 2022లోనే ప్రకటించినది. తయారుచేసేవారే తప్పుకొంటూ ఉంటే, నలుబదియేండ్లు నిలువవలసిన యంత్రాన్ని దాని మీద ఆధారపరచడం ఎట్లా? శుద్ధిచేసిన పొడిగాలిని ఒత్తిడితో నింపి, శూన్యపు స్విచ్చిని జతచేసే పద్ధతియే మేలని మాకు తోస్తున్నది. పెట్టె కొంత పెద్దదవుతుంది, కానీయండి.

కొత్తవాటి మాట ఇది. ఇప్పటికే పాతవాయువుతో నిండిన పెట్టెలు దేశదేశాల్లో పనిచేస్తూనే ఉన్నాయి. వాటిని విప్పే నాడు వాయువును గాలిలోకి వదలక, పంపుతో తోడి సిలిండర్లలో పట్టాలి. మంటలో పుట్టిన కొన్ని విషపదార్థాలు లోపల తెల్లని పొడిగా మిగిలి ఉంటాయి గనుక, ఆ పనివారికి ముసుగులు, చేతితొడుగులు తప్పనిసరి.