తొలి ఆసరా తోటి విద్యార్థి
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బిడ్డకు జ్వరం వస్తే తల్లి నుదుటిపై చేయి వేసి కనుగొనగలదు. మనసుకు తగిలిన వేడి చేతికి తెలియదు. అది నిద్రలేమిగా, అకారణ కోపంగా, చదువుపై విముఖతగా బయటపడుతుంది. దానిని ఇంట సోమరితనమంటారు. బడిలో క్రమశిక్షణ లోపమంటారు. బిడ్డ మాత్రం తన బాధను తరచుగా మొదట చెప్పుకొనేది పక్క బల్లపైనున్న స్నేహితునితోనే.

బెంగళూరులోని నిమ్హాన్స్ నిర్వహించిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, 13 నుండి 17 ఏళ్లవారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలింది. అనగా 40 మంది ఉన్న తరగతిలో సుమారు ముగ్గురు. వివిధ రుగ్మతలకు చికిత్స అందనివారు 70 నుండి 92 శాతం వరకు ఉన్నారని ఆ సర్వేయే చెప్పింది. మనోవైద్యులు దేశ అవసరానికి చాలరు.

దీనికి తోడు భాషా సమస్య. షోలాపూరులోనో, బరంపురంలోనో, చెన్నైలోనో స్థిరపడిన తెలుగింటి బిడ్డ లెక్కలు ఏ భాషలోనైనా చేయగలడు. దుఃఖం మాత్రం ఇంటి భాషలోనే పొంగుతుంది. బెంగకు, దిగులుకు, గుబులుకు గల తేడా తెలిసినవారే ఆ దుఃఖాన్ని సరిగా వినగలరు. కనుక వినేవారు అన్ని భాషల నుండి, అన్ని వర్గాల నుండి రావాలి. వారిలో ఆడపిల్లలు, శ్రామికుల పిల్లలు, వికలాంగులు ఉండాలి.

వైద్య పట్టాలు లేనివారు ఇట్టి పని చేయగలరా? బీహారులోని నలందా జిల్లా ఉన్నత పాఠశాలల్లో జరిగిన ప్రయోగ ఫలితాలు 2018లో వెలువడ్డాయి. శిక్షణ పొందిన సామాన్య సలహాదారులు పనిచేసిన బడులలో వేధింపులు, కుంగుబాటు లక్షణాలు తగ్గాయి. అదే పనిని ఉపాధ్యాయులకు అప్పగించినచోట అంతటి ఫలితం కనిపించలేదు. అది ఉపాధ్యాయుల లోపం కాదు. మార్కులు వేసే చేతికి మనసు విప్పి చూపడం పిల్లలకు కష్టం కావచ్చు. 2014లో ఆరంభమైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కూడా యువకులలో నుండే సహచర బోధకులను ఎన్నుకొన్నది.

అయితే సహాధ్యాయి వైద్యుడు కాడు. వినడం, తోడుండడం, తగిన పెద్దల వద్దకు చేర్చడం వరకే అతని పని. బ్రతకాలని లేదని ఎవరైనా అంటే, ఎవరికీ చెప్పనని ఒట్టు వేసినా సరే, ఆ మాట దాచరాదు. వెంటనే పెద్దలకు తెలపాలి. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ లభిస్తుంది. బరువంతా పసి భుజాలపై వదలడం కూడా అన్యాయమే. ఆ పిల్లలను వారం వారం పలకరించి, వారి మనసు తేలికపరచే పెద్ద ఒకరు ఉండాలి.

ప్రతి తరగతి నుండి ఇద్దరిని ఎన్నుకోవచ్చు. వారు మొదటి ర్యాంకువారే కానక్కరలేదు, నోరు కట్టుకొని చెవి ఒగ్గేవారైతే చాలు. పూర్వ విద్యార్థులు గదులకు విరాళాలిచ్చినట్లే నెలకొక సాయంత్రాన్ని ఈ పిల్లలకు ఇవ్వవచ్చు. రేపటి తెలుగు మనోవైద్యులు, నర్సులు, సలహాదారులు ఈ చిన్న శ్రోతల నుండే రావచ్చును. 75 ఏళ్లుగా అక్షరాలు దిద్దించిన బడి ఇక ఆలకించడమూ నేర్పుగాక!

స్వస్తి.